చియో మేడమ్ మూడు గొంతులు

మొన్న శుక్రవారం ఇక్కడ ఒమన్‌లో నిజ్వా నుంచి ఇబ్రి వెళ్లే బస్సులో నా పక్కన ఒక ఫిలిప్పీన్స్ అమ్మాయి కూర్చుంది. ఆసుపత్రి యూనిఫాం మీద స్వెటర్ వేసుకుంది, డ్యూటీ దిగి వస్తున్నట్టుంది. బహ్లా దాటాక ఫోన్ తీసి ఏదో ఆట మొదలుపెట్టింది. బస్సు ఏసీ హోరులో కూడా ఆ ఆటలోని పాట సన్నగా నా చెవిన పడింది. మొదటి నాలుగు స్వరాలకే నేను సర్దుకుని కూర్చున్నాను. ఆ పాట తిరిగి మొదటికి వచ్చే ముందు ఒక చిన్న ఖాళీ ఉంటుంది, ఊపిరి పీల్చుకునేంత. వస్తుందని ఎదురుచూశాను, వచ్చింది. అది అక్కడ ఎందుకుందో ఆ బస్సులో నాకొక్కదానికే తెలుసు. ఆ అమ్మాయికి చెబుదామనుకున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక ఊరుకున్నాను. ఇంటికొచ్చాక కూడా మనసు ఊరుకోలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

ఆ పాట కట్టినావిడ పేరు చియో. జపాన్ ఆవిడ. వీడియో గేములకు సంగీతం కట్టడం ఆమె వృత్తి. నలభై ఏళ్లు అదే పని చేసింది. నేను ఆమె ఇంట్లో మూడేళ్లు వంట చేశాను. మాది రాయచోటి దగ్గర పల్లె. ఇంటర్ పాసయ్యాను, ఆపైన చదవలేదు. చెల్లెలిని నర్సింగ్ చదివించాలని ఒమన్ వచ్చాను. మొదట పనికి కుదిరిన ఇల్లు సమాయిల్‌లో. వాళ్లు చెడ్డవాళ్లు కారు, వేళకు తిండి పెట్టేవారు. కానీ నాకు పని చేస్తూ కూనిరాగం తీసే అలవాటు, ఆ ఇంటి మామాకు అది గిట్టేది కాదు. ఇక్కడ ఇంటి యజమానురాలిని మామా అంటాం. వంట ఎలా ఉంది, ఎండ ఎలా ఉంది, ఒంట్లో ఎలా ఉంది, ఏది అడిగినా బాగుంది అనే ఒక్క మాటతో రెండేళ్లు గడిపాను. ఆ మాట నా నోటికి తాళంలా పడిపోయింది. తరువాత నిజ్వాలో ఒక జపాన్ దంపతులకు వంటమనిషి కావాలంటే అక్కడికి మారాను.

ఆ ఇంటాయన కెంజి సార్. కొండల్లోంచి ఊళ్లలోకి నీళ్లు తెచ్చే పాత కాలువల మీద పరిశోధన చేసేవారు. ఇక్కడ వాటిని ఫలజ్ అంటారు. వారంలో నాలుగైదు రోజులు ఊళ్లు తిరిగేవారు. చియో మేడమ్ మాత్రం ఇంట్లోనే ఉండేది. పొట్టి మనిషి, తెల్లజుట్టు చెవుల దాకా కత్తిరించుకుని, ఎప్పుడూ బూడిదరంగు చొక్కాలు వేసుకునేది. హాలు పక్క గదిలో చిన్న కీబోర్డు, కంప్యూటర్, రెండు స్పీకర్లు ఉండేవి. పియానో టీచర్ కాబోలు అనుకున్నాను. పిల్లలెవరూ నేర్చుకోవడానికి రాలేదు. ఒకే పాట, అర నిమిషం ఉంటుందేమో, పొద్దున్న ఎనిమిదింటి నుంచి మధ్యాహ్నం దాకా మోగుతూనే ఉండేది. గది తలుపు తీసే ఉండేది. ఉల్లిపాయలు తరుగుతూ, బియ్యం కడుగుతూ దాన్నే వినేదాన్ని. మూడో రోజుకు నాకు తెలియకుండానే దానితో కలిసి కూనిరాగం తీయడం మొదలుపెట్టాను.

ఒకరోజు ఆమె వంటింటి గుమ్మంలోకి వచ్చి నిలబడింది. చేతిలో చిన్న పుస్తకం. మేమిద్దరం మాట్లాడుకునేది ముక్కలు ముక్కలైన ఇంగ్లీషులో. ఆమెది జపాన్ ఇంగ్లీషు, నాది డ్యూటీలో నేర్చుకున్న ఇంగ్లీషు. "నువ్వు పాడుతున్నావు. తర్వాత ఆపేశావు. ఎప్పుడు ఆపావు?" అని అడిగింది. సారీ మేడమ్, ఇంక పాడను అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, సారీ వద్దు, ఎక్కడ ఆపావో చెప్పు చాలు అంది. గదిలోకి తీసుకెళ్లి ఆ పాట మళ్లీ పెట్టింది. చివర మొదటి స్వరానికి తిరిగి వచ్చేచోట నా చెయ్యి దానంతటదే పైకి లేచింది. ఇక్కడ అన్నాను. ఎందుకని అడిగింది. "పక్క గదిలోంచి ఎవరో నా పేరు పెట్టి పిలిచి, ఎందుకు పిలిచారో చెప్పకుండానే మళ్లీ పిలిచినట్టుంది. ఒకసారైతే సరే. ఇరవై సార్లు పిలిస్తే చెయ్యి ఆగిపోతుంది," అన్నాను. నాకొచ్చిన ఇంగ్లీషులో అది ఎంత వంకరగా వచ్చిందో తెలియదు. ఆమె మాత్రం అది పుస్తకంలో రాసుకుంది. మర్నాడు ఆ చోట ఒక చిన్న ఖాళీ వచ్చింది. ఆ రోజు మధ్యాహ్నం దాకా నేను పాడుతూనే ఉన్నాను.

అలా నాకు వంటతో పాటు ఇంకో పని పడింది. మార్కెట్‌కు తీసుకెళ్లడానికి వచ్చే డ్రైవరు పోశన్నకు ఇది ఎంతకీ మింగుడు పడలేదు. ఆయనది జగిత్యాల వైపు. అద్దంలోంచి నన్ను చూసి, "పాట ఇనుడు గుడ డ్యూటీయేనా చెల్లె? గిట్లాంటి డ్యూటీ నేనెన్నడు ఇనలే," అనేవాడు. "నాకూ తెల్దన్నా. అడుగుతాంది, సెప్తాండా," అనేదాన్ని. "సూస్కొని చెప్పు. రేపు పాట చెడితే నీ మీదికే వస్తది," అని హెచ్చరించేవాడు. ఆయన మాటలో తప్పేమీ లేదు. పనిలో ఉన్నవాళ్లం మనసులో మాట చెప్పి బాగుపడ్డది మేమెవరమూ చూడలేదు.

మధ్యాహ్నం టీ తాగేటప్పుడు ఆమె తన పని గురించి కొంచెం కొంచెం చెప్పేది. సంగీత కళాశాలలో పియానో చదువుకుని, పేపర్లో ప్రకటన చూసి ఒక కంపెనీలో చేరిందట. బొమ్మలు చేసే కంపెనీ అనుకుందట. తీరా చూస్తే టీవీకి తగిలించి ఆడుకునే ఆటల కంపెనీ. అప్పటి మిషన్లకు మూడే గొంతులు. మూడు స్వరాలు మాత్రమే ఒకేసారి పలుకుతాయి, వాటితో పాటు ఒక బుస, ఆవిరి పోయినట్టు. అంతే. ఆ బుసనే చిటికెలో కోసేసి డప్పు దెబ్బ చేసిందట, పొడుగ్గా వదిలి అల చేసిందట. నాలుగో స్వరం కావలసి వస్తే, ఒకే గొంతు చేత రెండు స్వరాలను చాలా వేగంగా మార్చి మార్చి పలికించేదట. వినేవాడి చెవి వాటిని కలిపేసుకుంటుంది. ఇవన్నీ చెబుతూ బల్ల మీద వేళ్లతో చేసి చూపించేది. "మూడు గొంతులున్నప్పుడు ఒక్క స్వరం కూడా ఊరికే పెట్టలేం. ప్రతిదాన్నీ నువ్వెందుకు వచ్చావని అడగాలి," అనేది. పాట పుట్టేది కూడా వేళ్ల మీద కాదు, గొంతులోనేనట. ముందు తాను కూనిరాగం తీసేది. ఊపిరి అందని చోట స్వరం పెట్టేది కాదు. పాట తన గొప్పతనం చూపించుకోకూడదని ఆమె పట్టు. ఆట ఆడేవాడు అదే పాటను వంద గంటలు వినాలి, విన్నట్టు తెలియకూడదు, ఆపేస్తే మాత్రం ఏదో పోయినట్టు అనిపించాలి.

ఆమె మొదటి ఆటలు లక్షల ఇళ్లలో మోగాయట. వాటిలో ఎక్కడా ఆమె పేరు లేదు. పక్క కంపెనీ వాళ్లు మనుషుల్ని లాగేసుకుంటారని అప్పట్లో అసలు పేర్లు వేసేవారు కారట. దొంగపేరు ఒకటి పెట్టుకోమంటే పొరుగింటి పిల్లి పేరు ఇచ్చిందట. ఈ మాట చెప్పినప్పుడు మేమిద్దరం నవ్వాం. తరువాత ఆమె కప్పు కిందపెట్టి, ఆ పాటలు నేనే కట్టానంటే మా అమ్మ చివరిదాకా నమ్మలేదు, చూపించడానికి నా దగ్గర కాగితం ముక్క కూడా లేదు అంది. కొన్నేళ్లకు మిషన్లు పెద్దవయ్యాయి. వందమంది వాయిద్యకారులతో పాటలు రికార్డు చేయడం మొదలైంది. నీ సంగీతం చిన్నది అన్నారట కంపెనీలో. ఆమె గొడవపడకుండా బయటికొచ్చి చిన్నచిన్న ఆటలకు పనిచేసుకుంది. నిజ్వాలో ఉండగా చేస్తున్నది కూడా అలాంటిదే. ఆమె పాత పాటలు వింటూ పెరిగిన ఇద్దరు కుర్రదంపతులు జపాన్‌లో సొంతంగా ఒక ఆట తయారు చేస్తున్నారు. కాలువ నీళ్లను వంతులవారీగా పొలాలకు వదిలి ఒక ఊరిని బతికించే ఆట. కెంజి సార్ పరిశోధన గురించి ఆమె రాసిన ఉత్తరాల్లోంచే వాళ్లకా ఆలోచన పుట్టిందట. దానికి పదకొండు పాటలు కావాలి.

ఎనిమిది పాటలు అయ్యేసరికి ఏడాది దాటింది. ఆమె మైక్రోవేవ్ కూత వినిపించుకోకపోవడం అప్పుడే నా కళ్లబడింది. పాలు లోపల వేడి చేసి, అక్కడే నిలబడి ఎదురుచూసేది. అది నాలుగుసార్లు కూసి ఊరుకున్నా కదిలేది కాదు. కెంజి సార్ ఫోన్ మోగినా అంతే. ఏదో ఆలోచనలో ఉందనుకున్నాను. తొమ్మిదో పాట కరువు పాట, కాలువ ఎండిపోయినప్పుడు వచ్చేది. దాని మీద మూడు వారాలు కూర్చుంది. అది పూర్తయిన రోజునే, రెండు వారాలుగా ఊళ్లు తిరుగుతున్న కెంజి సార్ ఇంటికి వస్తున్నారు. మేడమ్ ముఖంలో అంత వెలుగు నేనెప్పుడూ చూడలేదు. వంటింట్లోకి వచ్చి, ముప్పై ఏళ్లలో ఇంత మంచిది కట్టలేదనుకుంటున్నాను, విను అంది. విన్నాను. పాట నిజంగా గుండెను పట్టుకునేలా ఉంది. కానీ దాని పైన మొదటి నుంచి చివరి దాకా ఒక సన్నటి కూత. కుక్కర్ మూత రబ్బరు సరిగా పట్టనప్పుడు ఆవిరి సందులోంచి పోతుందే, అలాంటిది. రెండోసారి తిరిగేసరికి నా పళ్లు జివ్వుమన్నాయి. ఆమె నా ముఖంలోకి చూస్తోంది. ఆమెకు ఆ కూత వినిపించడం లేదని అప్పుడు అర్థమైంది. మైక్రోవేవ్ సంగతీ అర్థమైంది. సమాయిల్ ఇంట్లో నేర్చిన మాటే నోట్లోంచి వచ్చింది. చాలా బాగుంది మేడమ్ అన్నాను.

పాట జపాన్ వెళ్లింది. వారం తరువాత ఆ దంపతులు ఎంతో మర్యాదగా ఉత్తరం రాశారు. పైన వినిపిస్తున్న ఆ కఠినమైన శబ్దం కావాలని పెట్టారా, మేము అర్థం చేసుకోలేకపోతున్నామా అని. ఆమె ఆ ఉత్తరం వంటింట్లో నా ముందే నాకు అర్థమయ్యేట్టు చెప్పింది. తర్వాత అడిగింది.

"నీకు వినిపించిందా?"

"వినిపించింది."

"మరి చెప్పలేదు."

మీరు బాధపడతారని అన్నాను. ఆమె కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేది. కప్పు కడిగి పెట్టి వెళ్లి, గది తలుపు మూసుకుంది. నాలుగు రోజులు ఆ ఇంట్లో పాట మోగలేదు. నేను పెట్టింది తినేది, థాంక్యూ అనేది, అంతే. కెంజి సార్ కూడా అడుగులో అడుగు వేస్తూ తిరిగేవారు. అప్పుడు నాకు తెలిసింది, నేను ఆమె మనసును కాపాడే పేరుతో ఆమె పని చెడగొట్టానని. నలభై ఏళ్లలో ఎవరినీ అడగని మాట ఆమె నన్ను అడిగింది. నేను ఇచ్చింది పనిమనిషి జవాబు.

ఐదో రోజు పొద్దున నేనే వెళ్లి తలుపు తట్టాను. గట్టిగా తట్టాను. ఆమె తీసింది. ఇంగ్లీషులో మాటలు కూర్చుకుని వెళ్లాను గానీ, గుమ్మంలో నిలబడగానే ఒక్కటీ గుర్తు రాలేదు. నోట్లోంచి మా రాయచోటి మాటే వచ్చింది. "తప్పు నాదే మేడమ్. మీరు నన్ను నమ్మి అడిగినారు. నేను బయపడి బాగుండాది అన్న్యా. నాకు అట్లా సెప్పడమే అలవాటైపోయింది. ఇంగ ఎప్పుడూ అట్లా సెప్పను," అన్నాను. ఆమెకు ఒక్క ముక్క అర్థమై ఉండదు. కదలకుండా విని, "అబద్ధం చెప్పేటప్పుడు నీ గొంతు పైకి పోతుంది. ఇప్పుడు కిందే ఉంది," అంది. తనే మళ్లీ, "ఆ రోజు కూడా నీ గొంతు పైకి పోయింది. నేను విన్నాను. వినకూడదనుకున్నాను," అంది. ఇద్దరం గుమ్మంలోనే నిలబడిపోయాం. ఆమె కళ్లు తుడుచుకోలేదు, నేనూ తుడుచుకోలేదు.

ఆ వారమే పోశన్న మమ్మల్ని ఆసుపత్రికి తీసుకెళ్లాడు. ఆమెను ఒక గాజు గదిలో కూర్చోబెట్టి, శబ్దం వినిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. బయట మలయాళీ నర్సు ఒక్కొక్క శబ్దమే పైకి పెంచుతూ పోయింది. మొదట్లో మేడమ్ వేలు చకచకా కదిలింది. తర్వాత నర్సు చెయ్యి మాత్రమే కదులుతూ ఉంది, మేడమ్ వేలు మీట మీద ఊరికే ఉంది. ఆమె గాజులోంచి నా వైపు చూసి, ఏదైనా వస్తోందా అన్నట్టు కనుబొమ్మలు ఎత్తింది. నేను తల దించుకున్నాను. వయసు వల్ల వచ్చే చెవుడు, తిరిగి రాదు, పరికరం పెట్టుకుంటే కొంత నయం అన్నారు డాక్టరు. కాగితం మీద ఆమె వినికిడి గీత కింది స్వరాల దాకా తిన్నగా వెళ్లి, పై స్వరాల దగ్గర జారిపోయింది. కారులో ఆమె ఆ గీత మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది. బిర్కత్ అల్ మౌజ్ ఊరి మలుపు దగ్గర అనుకుంటాను, "నా మొదటి మిషన్‌కి కూడా ఇంతే ఉండేది," అంది. పోశన్న ఏమీ అర్థం కాక నన్ను అడిగాడు. చెప్పాను. ఇంటి ముందు దిగేటప్పుడు ఆయన పరుగున వచ్చి ఆమె వైపు తలుపు తీసి పట్టుకున్నాడు.

పదకొండు పాటలనూ ఆమె మొదటి నుంచి కట్టింది. పై స్వరాలన్నీ తీసేసింది, మొదటి పాటలోని ఆ ఖాళీని మాత్రం ఉంచింది. మూడే గొంతులు, అన్నీ కిందివి, మట్టిగోడ అవతల ఎవరో పాడుకుంటున్నట్టు. నేను వంట ముగించి గదిలో కుర్చీ వేసుకుని కూర్చునేదాన్ని. చెవికి గుచ్చుకుంటే చెయ్యి ఎత్తాలి. మొదట్లో భయంభయంగా ఎత్తేదాన్ని. ఒకసారి ఎత్తాలా వద్దా అని సగం ఎత్తి ఆగితే, సగం చెయ్యికి అర్థం లేదు అంది. మరోసారి ఆమెకు బాగా నచ్చిన ముక్కకు చెయ్యి ఎత్తాను. రెండు రోజులు వాదించింది, తీయనంది, చివరికి ఉంచేసింది. ఇప్పటికీ ఆ ముక్క నాకు నచ్చదు. ఆమె మాట నెగ్గించుకోవడం మాత్రం నచ్చింది. నేను నిజం చెబితే ఆమె విరిగిపోదని దానితో తెలిసింది.

ఆట విడుదలైన రోజు నన్ను హాల్లో కూర్చోబెట్టి, చివర పేర్లు వచ్చే చోటు చూపించింది. జపాన్ అక్షరాలు కిందినుంచి పైకి పోతున్నాయి. ఒక దగ్గర ఆపి, ఇది నేను అంది. ఆమె అసలు పేరు. దాని కింది వరుస మీద వేలు పెట్టి, "ఇది నువ్వు. విన్నవారు అని రాశాం," అంది. చదవమన్నాను. నాగబేణి అని వచ్చింది, వాళ్లకు మన 'వే' పలకడం కష్టమట. ఫొటో తీసి రాయచోటికి పంపితే మా అమ్మ ఫోన్ చేసి, "ఇది ఏ బాస మే, మంత్రం మాదిరి ఉండాది," అంది. నా పేరమ్మా అన్నాను. నమ్మింది. మా అమ్మ నమ్మిందని మేడమ్‌కు చెబితే, ఆమె నా చేతి మీద చెయ్యి వేసి కూర్చుంది.

తరువాతి ఏడు కెంజి సార్ పని ముగిసి వాళ్లు వెళ్లిపోయారు. మస్కట్ విమానాశ్రయంలో ఆమె నాకు వంగి నమస్కరించింది. చుట్టూ జనం చూస్తుంటే నాకు సిగ్గేసి ఇంకా కిందికి వంగాను. రెండేళ్లు మెసేజ్‌లు పంపుకున్నాం. ఆ తర్వాత ఒక రోజు కెంజి సార్ పంపారు. చియో పోయింది, ప్రశాంతంగానే పోయింది, చివరి నెలల్లో చెవులు పూర్తిగా పనిచేయకపోయినా కీబోర్డు మీద చెయ్యి ఆనించి వాయించుకునేది అని. ఆ రోజు డ్యూటీకి సెలవు పెట్టలేదు. అప్పటికే చేరిన హాస్టల్లో అరవైమందికి వంట చేశాను, ఒక్క రాగమూ తీయలేదు.

ఇప్పుడు నేను నిజ్వాలో టీచర్లు ఉండే ఆ హాస్టల్లోనే వంటింటి బాధ్యత చూస్తున్నాను. ఈమధ్య గోదావరి వైపు నుంచి సత్యవతి అనే ఆమె నాకు తోడుగా చేరింది. నెమ్మదైన మనిషి. ఏది రుచి చూపించినా బాగుందక్కా అనేది. గడిచిన నెలలో ఒకరోజు సాంబారు చూడమంటే, గరిటె పట్టుకుని చాలాసేపు నిలబడింది. "ఏమీ అనుకోకండక్కా. ఉప్పు ఎక్కువైపోతందండి. ఇయ్యాలొక్కరోజు కాదు, పది రోజులబట్టీ," అంది. నాకు ఒళ్లు మండింది. నిన్నగాక మొన్న వచ్చి నాకు చెబుతావా అన్నాను. నా గొంతు నాకే వినిపించింది. ఆమె గిన్నెలు సర్దుకోవడానికి అటు తిరిగింది. నేను సాంబారు మళ్లీ నోట్లో వేసుకున్నాను. నాకు సరిగానే ఉంది. మరోసారి చూశాను, సరిగానే ఉంది. అప్పుడు నా నాలుక మీద అనుమానం వచ్చింది. ఇంతకాలం ఎవరూ ఎత్తని చెయ్యి ఈమె ఎత్తిందని అర్థమైంది, ఆ చెయ్యి ఎత్తడానికి ఎంత బలం కావాలో నాకు తెలుసు. ఆ నాలుగు రోజులు మూసిన తలుపు వెనక మేడమ్ ఎలా కూర్చుని ఉంటుందో కూడా మొదటిసారి తెలిసింది. స్టవ్ కట్టేసి, రెండు స్టూళ్లు లాగి, కూర్చో సత్యవతీ అన్నాను. పప్పు, కూర, పచ్చడి అన్నీ తెచ్చి ఆమె ముందు పెట్టాను. ఆమె ఒక్కొక్కటే నోట్లో వేసుకుని చెబుతూ పోయింది. నేను విన్నాను.